గోదారి పుట్టింట్లో ద్రాక్ష తోట

షిర్డీ దారిలో నాసిక్ వైనరీలు చూసిరావడానికి బయల్దేరిన ఓ హైదరాబాద్ జంటకు గ్లాసులోని రుచి కన్నా తోట వెనకున్న లెక్కలే ఎక్కువ సంగతులు చెప్పాయి

తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊళ్లో బస్సు దిగినా ‘వైన్స్’ బోర్డు కోసం వెతుక్కోనక్కర్లేదు. లోపల దొరికేవి మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు. అసలు వైన్ కావాలంటే కౌంటర్‌లోని కుర్రాడు వెనక అరలోంచి ఓ సీసా తీసి దుమ్ము దులుపుతాడు. పేరు తప్ప సరుకు పెద్దగా తెలియని ఆ ప్రాంతం నుంచి, సరుకు తయారయ్యే చోటికి ఓ జంట ఫిబ్రవరిలో కారులో బయల్దేరింది.

ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఆమె జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. ఇద్దరికీ నలభై అయిదేళ్లు దాటాయి. ఉండేది అల్వాల్‌లో. అడిగినవాళ్లకు చెప్పింది మాత్రం షిర్డీ యాత్ర అని. అది అబద్ధమేమీ కాదు. హైదరాబాద్ నుంచి నాసిక్‌కు సుమారు 700 కి.మీ. దారిలో షిర్డీ ఎలాగూ తగులుతుంది. కాకపోతే డాష్‌బోర్డు మీదున్న సాయిబాబా ఫొటో పక్కనే నాలుగు వైనరీల పేర్లు రాసుకున్న కాగితం కూడా ఉంది.

అసలు కారణం శామీర్‌పేట దగ్గరున్న రెండెకరాల భూమి. ఆమె తండ్రికి అక్కడ ఒకప్పుడు ఆరెకరాల అనాబ్-ఎ-షాహీ తోట ఉండేది. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు లాగిన పందిరి కింద నడుస్తుంటే పొడవాటి కాయల గుత్తులు తలకు తగిలేవి. తర్వాత బావి ఎండింది. పెద్దక్క పెళ్లికి ఎకరం పోయింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మరో మూడెకరాలు ప్లాట్లయ్యాయి. తండ్రి పోయాక మిగిలిన రెండెకరాలు ఆమె పేరు మీదికి వచ్చాయి. ఇప్పుడు ఓ బ్రోకర్ మంచి బేరం తెచ్చాడు. వారంలోగా మాట చెప్పాలి. అమ్మేద్దామన్నది ఆయన ఉద్దేశం. మళ్లీ ద్రాక్ష పెడితే ఎలా ఉంటుందన్నది ఆమె ఆలోచన. "అక్కడి తోటలు ఎట్లా నిలబడ్డాయో ఒకసారి చూసొద్దామండీ. తర్వాత మీరన్నట్టే చేద్దాం" అని ఆమె అడిగారు. ఆయన సెలవు పెట్టారు.

రాజద్రాక్ష పోయిన దారి

నిజానికి హైదరాబాద్‌కు ద్రాక్ష కొత్త కాదు. రాజద్రాక్ష అని అర్థం వచ్చే అనాబ్-ఎ-షాహీని పందొమ్మిదో శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడ నాటించారు. అక్కడి నుంచి అది మేడ్చల్, శామీర్‌పేట, కీసర, శంషాబాద్ వైపు పాకింది. దిగుబడిలో దాన్ని మించిన రకాలు అరుదని ఉద్యానశాస్త్రం పుస్తకాలు రాసుకున్నాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్షకు ప్రత్యేకంగా పరిశోధన కేంద్రం వెలిసింది. ఒక తరం నగరవాసులకు ఆదివారం వినోదమంటే శివార్లలోని ద్రాక్ష తోటకు వెళ్లి గుత్తులు కోయించుకుని రావడమే.

ఆ తోటలు ఒక్క దెబ్బకు పోలేదు. గింజల్లేని థామ్సన్ రకం బజారును పట్టేసింది. బోర్లు అడుగంటాయి. పందిరి పని తెలిసిన కూలీలు నగరంలో పనులకు మళ్లారు. 158 కి.మీ. ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ఏ పంటా అందుకోలేనంత ఎత్తుకు భూమి ధర పోయింది. ఇవాళ హైదరాబాద్ తోపుడు బండ్ల మీద కనిపించే ద్రాక్షలో చాలా భాగం మహారాష్ట్ర నుంచి వచ్చేదే. ఒక ప్రాంతం వదులుకున్న పంటను ఇంకో ప్రాంతం ఎలా పట్టుకుని ఉండగలిగిందన్నదే ఆమెను కారెక్కించిన ప్రశ్న.

జహీరాబాద్, హుమ్నాబాద్, నల్దుర్గ్ దాటి షోలాపూర్ చేరేసరికి ఎండెక్కింది. టీ కొట్టులో పలకరింపు తెలుగులోనే వినిపించింది. తరాల కిందట తెలంగాణ నుంచి వలసవచ్చిన నేత కుటుంబాల ఊరు అది. "ద్రాక్షను చూడనీకి నాసిక్ దాకా ఎందుకమ్మా, మా జిల్లాలో లేదా?" అని టీ కొట్టు పెద్దాయన దెప్పాడు. నిజమే, షోలాపూర్ జిల్లా కూడా ద్రాక్షకు, ఎండుద్రాక్షకు పెట్టింది పేరు. 2024లో అహిల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్ మీదుగా రాత్రికి షిర్డీ చేరారు. మర్నాడు తెల్లవారుజామున కాకడ హారతి అయ్యాకే కాగితం మీది పేర్ల జోలికి వెళ్లాలన్నది ఇద్దరూ ముందే పెట్టుకున్న నియమం. రెండో నియమం ఇంకా కచ్చితమైనది. స్టీరింగు పట్టుకున్నవారు ఆ రోజు వైన్ ముట్టకూడదు. ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు కాబట్టి వంతులు వేసుకున్నారు.

వందమంది, ఒక్కడు

షిర్డీ నుంచి నాసిక్‌కు సిన్నర్ మీదుగా నేరుగా దారి ఉంది. వాళ్లు మాత్రం కోపర్‌గావ్, యేవలా, వించూర్, నిఫాడ్‌ల మీదుగా చుట్టు దారి పట్టారు. యేవలాలో పైఠణీ చీరల దుకాణాల ముందు ఆయన బండి వేగం తగ్గించలేదు. ఆశ్చర్యంగా ఆమె కూడా ఆపమనలేదు. వించూర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా తోటలే. గుత్తి గుత్తికీ పాత వార్తాపత్రికల కాగితం చుట్టి ఉంది. ఎండకు కాయ రంగు మారకుండా చేసే ఏర్పాటు అది. విదేశాలకు వెళ్లే ద్రాక్షకు రంగు ముఖ్యం.

నాసిక్ ద్రాక్ష అనగానే పర్యాటకులకు వైన్ గుర్తొస్తుంది కానీ ఈ జిల్లాలో పండేదాంట్లో అత్యధిక భాగం తినే ద్రాక్షే. పింపళ్‌గావ్ బస్వంత్ మార్కెట్‌కో, ముంబై రేవు మీదుగా యూరప్‌కో వెళ్లిపోతుంది. వైన్ ద్రాక్ష విస్తీర్ణం అందులో చిన్న ముక్క. ఆ ముక్క చరిత్ర తెలిసిన ఓ అరవయ్యేళ్ల రైతు నిఫాడ్ దాటాక రోడ్డు పక్కన క్రేట్లు ఎక్కిస్తూ కనిపించారు. ఆమె దిగి, తనకొచ్చిన హిందీలో మాట కలిపారు.

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం తెచ్చింది. వైన్‌కు సుంకాల్లో రాయితీలు ఇచ్చింది. నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. ఆ ఊపులో ఈ రైతు కూడా మూడెకరాల్లో వైన్ రకాలు నాటారు. మొదటి కొన్నేళ్లు డబ్బు కళ్లజూశారు. తర్వాత 2008 వచ్చింది. ప్రపంచ మాంద్యానికి ముంబై దాడులు తోడై హోటళ్లు ఖాళీ అయ్యాయి. వైన్ ట్యాంకుల్లోనే నిలిచిపోయింది. కొత్త పంట కొనేవారు లేరు. కొన్నవారిలో కొందరు డబ్బివ్వలేదు. 2010 ప్రాంతంలో జిల్లాలో చాలామంది రైతులు వైన్ తీగలను వేళ్లతో సహా పీకేశారు. ఆయన కూడా పీకి థామ్సన్ నాటుకున్నారు.

"తినే కాయకు వందమంది కొనేవాళ్లు. వైన్ కాయకు ఒక్కడే. వాడు కాదంటే ఆ కాయను బజార్లో పిల్లలు కూడా ముట్టరు" అన్నారాయన. వైన్ ద్రాక్ష చిన్నగా ఉంటుంది. తోలు మందం, గింజలెక్కువ. తినడానికి పనికిరాని పండు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతే ఇక దానికి దారి లేదు. కారెక్కాక ఆయన నోరు విప్పకుండా ఆ మాటను తన ఫోన్‌లో రాసుకున్నారు. బ్యాంకులో రోజూ అప్పుల దస్తావేజులు చూసే మనిషికి అంతకన్నా స్పష్టమైన హెచ్చరిక అక్కర్లేదు.

మీసాల సూర్యుడు

నాసిక్ నగరానికి పడమరగా, గోదావరి మీద కట్టిన గంగాపూర్ ఆనకట్ట దగ్గర సూలా వైన్‌యార్డ్స్ ఉంది. ఎర్ర తలపాగా లేకపోయినా మీసాలున్న సూర్యుడి బొమ్మ గేటు దగ్గర్నుంచి సీసా దాకా కనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ 1990లలో కుటుంబ భూమిలో రకరకాల పంటలు ప్రయత్నించి చివరకు వైన్ దగ్గర ఆగారు. కాలిఫోర్నియా వైన్ నిపుణుడు కెర్రీ డామ్‌స్కీ సాయంతో మొదటి సీసాలు 2000లో వచ్చాయి. తల్లి సులభ పేరులోంచి కంపెనీ పేరు పుట్టింది. 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ షేర్ మార్కెట్ కెక్కింది.

అంతకుముందూ దేశంలో వైన్ లేకపోలేదు. పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో శ్యామ్‌రావ్ చౌగులే 1980లలోనే ఇండేజ్ పేరిట మెరిసే వైన్ తీసి విదేశాలకు పంపారు. 2000 దశకం చివరికి ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. బెంగళూరు దగ్గర నందికొండల ప్రాంతంలో కన్వల్ గ్రోవర్ ఫ్రెంచి రకాలు పెట్టారు. అయితే జనాన్ని తోటలోకి పిలిచి, చూపించి, రుచి చూపించి అమ్మాలన్న ఆలోచనకు ఊపునిచ్చింది సూలాయే. అక్కడ 2005లో తెరిచిన టేస్టింగ్ రూమ్ నాసిక్ దారినే మార్చింది. త్ర్యంబకేశ్వర్, పంచవటి చూడ్డానికి వచ్చే ఊరికి వారాంతాల్లో ముంబై, పుణె కార్లు మరో పని మీద రావడం మొదలైంది.

ఆ రోజు స్టీరింగు ఆయనది. గ్లాసు ఆమెది. ఫిబ్రవరి కాబట్టి కోతలు జరుగుతున్నాయి. ఓ మూల పర్యాటకులు తొట్టిలో దిగి కాళ్లతో ద్రాక్ష తొక్కుతూ ఫొటోలు దిగుతున్నారు. వృక్షశాస్త్రం టీచరమ్మ దృష్టి మాత్రం తీగల మీదే. ఫ్రాన్స్‌లో చలికాలం తీగ నిద్రపోతుంది, వసంతంలో చిగురించి, శరత్తులో పండుతుంది. నాసిక్‌లో తీగకు నిద్రే లేదు. అందుకే రైతు కత్తెరతో కాలాన్ని తయారు చేస్తాడు. ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరించి కొమ్మను బలపడనిస్తాడు. వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్లలో రెండోసారి కత్తిరించి కాయకు వదులుతాడు. అలా చలి రాత్రుల్లో కాయ ఊరి జనవరి-మార్చి మధ్య కోతకు వస్తుంది. కత్తిరింపులు రెండు, పంట ఒకటి. వేరు కూడా తీగది కాదు. నీటి ఎద్దడికి తట్టుకునే డాగ్‌రిడ్జ్ అనే అడవి జాతి వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకడతారు.

"మా నాయిన గుత్తి బరువు చేత్తో తూచి మురిసిపోయేవారు. ఇక్కడ బరువు తగ్గించడానికి తంటాలు పడుతున్నారు" అన్నారామె నవ్వుతూ. తినే ద్రాక్షలో కాయ నీటితో నిండి పెద్దదవ్వాలి. వైన్‌కు చిన్న కాయ, చిక్కటి రసం, ఎక్కువ తీపి కావాలి. అందుకని గుత్తులు తగ్గిస్తారు, నీళ్లు కొలిచి ఇస్తారు. తక్కువ పండించమని చెప్పే పంటకు కిలో ధర ఎక్కువ ఇస్తేనే రైతు నిలుస్తాడు. ఒప్పందం దీర్ఘకాలానిది కావాలి. కొనేవాడి మాట నిలబడాలి. నిఫాడ్ రైతు చెప్పిన కథకు మరో సగం ఇది.

ఉమ్మిన వైన్

లోపల స్టీలు ట్యాంకులు, వాటి వెనక ఓక్ పీపాలు. తెల్ల వైన్‌కు పండును నొక్కి రసాన్ని మాత్రమే చల్లగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు రసాన్ని తోలుతో కలిపే పులియబెడతారు. రంగు, వగరు రెండూ తోలులోనివే. రసంలోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఇంట్లో పిండి పులిసే పద్ధతికి ఇది దూరపు చుట్టమేనని ఆమె ఆయన చెవిలో చెప్పారు.

టేస్టింగ్ బల్ల దగ్గర గ్లాసులు వరుసగా వచ్చాయి. ముందు రంగు చూడాలి, తర్వాత గ్లాసు తిప్పి వాసన చూడాలి, అప్పుడే గుక్క. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ వాసన చూసి ఆవిడ ఎదురుగా ఉన్న యువకుడు ఇంగ్లీషు పుస్తకంలోంచి ఏవో విదేశీ పండ్ల పేర్లు చెప్పాడు. ఆమెకు మాత్రం పచ్చి జామకాయ, క్యాప్సికం గుర్తొచ్చాయి. షిరాజ్ అనే ఎర్ర రకంలో మిరియాల ఘాటు, మింగాక నాలుక మీద నేరేడు పండు తిన్నప్పటి వగరు. రుచికి మాటలు మన వంటింట్లోనే దొరుకుతాయని ఆమెకు తెలిశాక బిడియం కాస్త తగ్గింది. పక్కన ఓ కూజా ఉంది. రుచి చూసి అందులో ఉమ్మేయవచ్చని చెప్పినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నలుగురి ముందు ఉమ్మడం! కానీ నాలుగో గ్లాసు దగ్గర ఆమె ఆ కూజానే ఆశ్రయించారు.

మర్నాడు వంతు మారింది. కారు ఆమె చేతికొచ్చింది. గంగాపూర్ జలాశయం ఒడ్డునే ఉన్న యార్క్ వైనరీ చూశారు. గుర్నానీ కుటుంబం మొదలుపెట్టిన దాన్ని 2021లో సూలా కొనేసింది. సూర్యాస్తమయం వేళ అక్కడి నుంచి కనిపించే నీళ్లు గోదావరివి. బాసరలో మునిగిన గోదావరి, రాజమండ్రిలో పుష్కరాలు చూసిన గోదావరి ఇంకా ఇక్కడ కొండల మధ్య ఓ చెరువంతే. ఆ నీటికి నగరమూ, తోటలూ, దిగువ రైతులూ వాటాదారులే.

మూడో రోజు కారు ఇగత్‌పురి వైపు తిరిగింది. సంజేగావ్ దగ్గర గ్రోవర్ జంపా, దానికి కాస్త దూరంలో చిన్నదైన వల్లోన్ ఉన్నాయి. నందికొండల గ్రోవర్, నాసిక్ జంపా 2012లో కలిసిపోయాయి. దిండోరి వైపు ఫ్రెంచి కంపెనీ మొయెట్ హెనెసీ 2013 నుంచి షాండన్ పేరుతో బుడగల వైన్ తీస్తోంది. సీసాలోనే రెండోసారి పులియబెట్టడం వల్ల వచ్చే బుడగలవి. విదేశీ కంపెనీ ఇక్కడే తీయడానికి ఒక కారణం సుంకం. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం సుంకం ఉంది. 2022 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చాక ఖరీదైన సీసాల విషయంలో ఆ గోడ ఏటేటా తగ్గడం మొదలైంది. నాసిక్ తోట ఆ గోడ నీడలోనే పెరిగింది.

చిన్న వైనరీ దగ్గర జనం తక్కువ, మాట ఎక్కువ. ఆయన బ్యాంకు ప్రశ్నలన్నీ అక్కడ అడిగేశారు. తీగ నాటాక వైన్‌కు పనికొచ్చే పంట రావడానికి రెండు మూడేళ్లు. సీసాలో పడ్డాక అమ్ముడవడానికి ఇంకో ఏడాది, రెండేళ్లు. అంతవరకూ పెట్టుబడి పీపాల్లో కూర్చుంటుంది. దేశంలో తాగే మద్యంలో వైన్ వాటా ఒక్క శాతం కూడా లేదు. సీసా ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లాలంటే ప్రతి చోటా వేరే సుంకం, వేరే లేబుల్ రిజిస్ట్రేషన్. అందుకే గేటు దగ్గరికి వచ్చి కొనే పర్యాటకుడు చిన్న వైనరీకి ప్రాణం. మధ్యలో పంచుకునేవారు లేని అమ్మకం అది.

ప్రభుత్వం అండ ఉన్నా అది ఎప్పుడూ వివాదమే. సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మవచ్చని 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. రైతుకు మేలని అప్పటి ప్రభుత్వం, మద్యాన్ని ఇంటి సరుకుల్లో చేరుస్తున్నారని ప్రతిపక్షం వాదించుకున్నాయి. అన్నా హజారే నిరశనకు సిద్ధమయ్యారు. నిర్ణయం కాగితం మీదే ఉండిపోయింది. రెండు వాదనల్లోనూ ద్రాక్ష రైతు పేరు వినిపించింది. కానీ నిఫాడ్ రైతు అడిగిన ప్రశ్న, డబ్బు రాకపోతే ఎవరు పూచీ అన్నది, ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు.

నగరం ఇక్కడికీ వస్తోంది

తిరుగు ప్రయాణానికి ముందు త్ర్యంబకేశ్వర్ వెళ్లి బ్రహ్మగిరి కింద గోదావరి పుట్టిన చోట నీళ్లు చల్లుకున్నారు. వెనక్కి వస్తూ గంగాపూర్ రోడ్డులో ఆమె కారు మెల్లగా పోనిచ్చారు. వైనరీల బోర్డుల మధ్య మరో రకం బోర్డులు కనిపించాయి. విల్లాలు, ఫామ్‌హౌస్ ప్లాట్లు, ‘తోటల మధ్య నివాసం’. శామీర్‌పేటలో పాతికేళ్ల కిందట ఆమె చూసినవీ ఇవే బోర్డులు. భాషే వేరు.

తోట అందంగా ఉండబట్టే పక్కన ప్లాటు ధర పెరుగుతుంది. ప్లాటు ధర పెరిగితే తోట నిలవడం కష్టం. నాసిక్‌లో ప్రస్తుతానికి ఒక తూకం ఉంది. ఎకరం తోట కాయ ఇస్తుంది, సీసా ఇస్తుంది, చూడ్డానికి వచ్చే మనిషినీ ఇస్తుంది. మూడు ఆదాయాలున్న భూమిని అమ్మడానికి యజమాని కాస్త ఆలోచిస్తాడు. హైదరాబాద్ పందిళ్లకు ఒక్కటే ఆదాయం ఉండేది. ఆదివారం వచ్చిన పట్నం కుటుంబం నాలుగు కిలోలు కొనుక్కుని, పిల్లలతో పందిరి కింద ఆడుకుని, ఇంటికి వెళ్లిపోయేది. ఆ ఆదివారానికి విలువ కట్టాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. "మా నాయిన వచ్చినవాళ్లకు మజ్జిగ కూడా ఇచ్చేవారు, ఊరికే" అన్నారామె.

అలాగని వైన్ అందరినీ కాపాడదు. కంపెనీకి సొంత తోట ఉంటే మూడు ఆదాయాలూ దానివే. ఒప్పందం మీద కాయ వేసే రైతుకు దక్కేది ఒక్క కాయ ధరే. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్ర మీద వడగళ్లు కురిసి కోతకొచ్చిన తోటలు నేలకూలాయి. అలాంటప్పుడు టేస్టింగ్ రూమ్‌కు గిరాకీ తగ్గకపోవచ్చు. రైతుకు మాత్రం ఏడాది పోయినట్టే.

జహీరాబాద్ దగ్గర ఫోన్

వచ్చేటప్పుడు కారులో సీసాలు లేవు. ఒక రాష్ట్రంలో కొన్న మద్యాన్ని ఇంకో రాష్ట్రంలోకి తేవడానికి ఎక్సైజ్ నిబంధనలు ఒప్పుకోవని ఆయన వద్దన్నారు. వెనక సీటులో ఉన్నవి రెండు క్రేట్ల ద్రాక్ష, షిర్డీ విభూతి, షోలాపూర్ దుప్పట్లు. నల్దుర్గ్ దాటాక లెక్క మొదలైంది. రెండెకరాల్లో వైన్ ద్రాక్ష వేస్తే కొనడానికి దగ్గర్లో వైనరీ లేదు. సొంతంగా వైనరీ పెట్టడం వాళ్ల శక్తికి మించిన పని. తినే ద్రాక్ష వేస్తే మహారాష్ట్ర లారీలతో పోటీ. నీళ్లకు కొత్త బోరు వేయాలి. ఆయన చెబుతుంటే ఆమె ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అన్నీ నిజమే.

"అయితే అమ్మేద్దామా?" అని చివరికి ఆమే అడిగారు.

ఆయన వెంటనే అవుననలేదు. నాసిక్‌లో జనం డబ్బిచ్చి చూసింది వైన్‌ను మాత్రమే కాదని తనకు అనిపించిందన్నారు. పిల్లలు తొట్టిలో తొక్కడానికి, పెద్దలు తీగల మధ్య నడవడానికి టిక్కెట్లు కొంటున్నారు. హైదరాబాద్ చుట్టూ ఇప్పుడు ఆ నీడే కరవు. ఎకరం అమ్మి, ఆ డబ్బులో కొంతతో మిగిలిన ఎకరంలో బోరు, పందిరి వేస్తే, ఆదివారాలు బడి పిల్లలకు చూపిస్తే, లాభం రాకపోయినా నష్టం ఎంతుంటుందో తాను లెక్క కట్టగలనన్నారు. "లాభం సంగతి మాత్రం నన్నడగొద్దు" అని కూడా కలిపారు.

జహీరాబాద్ టోల్ దాటుతుండగా బ్రోకర్ నుంచి ఫోన్ వచ్చింది. స్టీరింగు ఆయన చేతిలో ఉంది. ఫోన్ ఆమె తీశారు. షిర్డీ దర్శనం బాగా అయిందా అని అవతలి నుంచి పలకరింపు. బాగా అయిందన్నారామె. తర్వాత ఒక్క క్షణం ఆగి, అమ్మేది ఒక ఎకరమేనని, అది కూడా బావి వైపుది కాదని చెప్పారు. అవతలివైపు ఆయన ధర తగ్గుతుందమ్మా అన్నాడు. "తగ్గనీ" అని ఫోన్ పెట్టేసి, ఆమె వెనక సీటులోని క్రేట్ నుంచి ఓ గుత్తి అందుకున్నారు.

వెళ్లాలనుకుంటే

ఎప్పుడు: కోతలు చూడాలంటే జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు. జూన్-సెప్టెంబర్ మధ్య కొండలు పచ్చగా ఉంటాయి కానీ తీగల మీద కాయ ఉండదు.

ఎలా: హైదరాబాద్ నుంచి షోలాపూర్, అహిల్యానగర్, షిర్డీల మీదుగా రోడ్డు. ఒక్క రోజులో వెళ్లాలనుకోకుండా షిర్డీలో ఆగడం మేలు. గంగాపూర్ ఆనకట్ట వైపు వైనరీలు ఒక రోజు, ఇగత్‌పురి వైపువి ఒక రోజు, దిండోరి వైపువి ఇంకో రోజుగా పెట్టుకుంటే హడావుడి ఉండదు. చిన్న వైనరీలకు ముందుగా ఫోన్ చేసి వెళ్లాలి. వయసు తెలిపే గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి.

జాగ్రత్త: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రుచి చూసేవారు వేరు, నడిపేవారు వేరు అనుకుని బయల్దేరండి. లేదా నాసిక్‌లో డ్రైవర్‌తో సహా కారు అద్దెకు తీసుకోండి.